రాధామనోహరానికి రెండు తాళాలు

డాక్టర్ హైమవతి చేసిన తప్పల్లా ఒకటే. దరఖాస్తులో అడిగినదానికంటే ఒక వాక్యం ఎక్కువ రాసింది.

విశాఖపట్నంలో ఒక కొండవాలు మీద నాడీ విజ్ఞాన పరిశోధన సంస్థ ఒకటి ఉండేది. అక్కడినుంచి సముద్రం చక్కగా కనిపిస్తుందని బ్రోచర్లలో వేసేవారు. నిజానికి సముద్రం డైరెక్టరుగారి గదిలోంచి మాత్రమే కనిపించేది. మిగతా గదుల్లోంచి డైరెక్టరుగారి గది కనిపించేది. హైమవతి ప్రయోగశాల కింది అంతస్తు మూలన ఉండటం వల్ల ఆమెకి ఈ రెండూ దక్కలేదు గానీ, సంస్థ గేటూ, ఆ గేటు కమాను మీద గుబురుగా అల్లుకున్న రాధామనోహరం తీగా దక్కాయి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి ఎర్రబడే ఆ పూలగుత్తుల్ని చూస్తూ ఆమె చల్లారిపోయిన టీ తాగేది.

ఆమె పని మెదడులో కణాలు మాట్లాడుకునే తీరు వినడం. ఎలుక మెదడులోంచి పల్చటి పొర తీసి, ఉప్పునీళ్లలో కొన్ని గంటలు బతికించి, వెంట్రుక కంటే సన్నటి గాజుసూదిని ఒక కణానికి ఆనించి, అది ఏమంటోందో స్క్రీను మీద గీతగా చూసేది. మెదడులో ఒక కణం పక్కకణాన్ని పలకరించాలంటే గ్లుటమేట్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. పక్కకణానికి దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. పక్షవాతం వచ్చినప్పుడు ఈ పలకరింపు కాస్తా కేకలవుతుంది. రక్తం అందక చచ్చే కణాలు కొన్నయితే, పక్కవాళ్ల కేకలు భరించలేక చచ్చేవి ఇంకొన్ని. ఏ గ్రాహకాన్ని తడితే ఏ కణం ఎంతవరకు ఓర్చుకుంటుందో హైమవతి తేల్చాలనుకుంది.

ఆ పట్టుదలకి కారణం ఇంట్లోనే ఉంది. ఆమె పెద్దక్క సువర్చలకి అంతకుముందు ఏడాది పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ దారికొచ్చాయి గానీ మాటలు కొన్ని రాలేదు. గరిటెని "అది" అంటుంది. కిటికీని "అది" అంటుంది. చిన్నప్పుడు తనే పలకా బలపం పట్టించి అక్షరాలు నేర్పిన చెల్లెల్ని కూడా ఒక్కోసారి "అది" అని పిలిచి, తప్పన్నానని తెలిసి, తల తిప్పేసుకుంటుంది.

ఈ పనికి కావలసిన మందు క్విస్క్వాలిక్ ఆమ్లం. అది ఒక అమైనో ఆమ్లం. గ్లుటమేట్ గ్రాహకాల్లో కొన్నిటిని పట్టి తట్టి లేపుతుంది. చిన్న సీసాడు చాలు, ఆమె ప్రాజెక్టు అంతా గడిచిపోతుంది. దాన్ని కొనిపెట్టమని ఇండెంటు పెట్టింది. ఇండెంటులో "సామాన్యునికి సైతం సుబోధకమగు రీతిలో వస్తువు వివరణ" అని ఒక గడి ఉంది. అందరూ ఆ గడిలో "రసాయనం" అని రాసి ఊరుకుంటారు. హైమవతి మాత్రం ఆ ఆమ్లం ఏమిటో, ఎందుకో నాలుగు ముక్కల్లో రాసి, గడిలో ఇంకా చోటు మిగిలింది కదా అని, కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, "దీన్ని మొట్టమొదట రాధామనోహరం గింజల నుంచి తీశారు" అని ముచ్చటపడి చేర్చింది.

వారం తిరక్కుండా పరిపాలనాధికారి గంటి సర్వోత్తమరావు దగ్గర్నుంచి కబురొచ్చింది. తన సర్వీసులో ఒక్క ఫైలు కూడా పోగొట్టుకోలేదని ఆయనకి పేరు. ఆయన బల్ల మీదికొచ్చిన ఫైలు కదిలితే కదా పోవడానికి!

"రండి డాక్టరుగారూ, కూర్చోండి. మీ ఇండెంటు చదివాను. చాలా సుబోధకంగా ఉంది."

"థాంక్సండీ."

"సుబోధకంగా ఉండటంవల్లే చిక్కొచ్చింది. ఇందులో మీరు ఉదహరించిన తీగ, మన గేటు మీదున్న తీగ ఒకటేనా?"

"ఒకటేనండీ."

"అంటే వస్తువు ఆవరణలో లభ్యం. ఆవరణలో లభ్యమగు వస్తువును వెలుపలినుండి కొనుగోలు చేయరాదని స్వావలంబన ఉత్తర్వుంది. మీరు విద్యావంతులు, మీకు నేను చెప్పక్కర్లేదు."

హైమవతి నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి నవ్వు ఆపేసింది. "ఆ ఆమ్లం ఉండేది గింజల్లోనండీ. మన తీగ పూస్తుందే తప్ప కాయదు. ఒకవేళ కాసినా గింజ నూరి నాకు కావలసినంత శుద్ధంగా తియ్యడం నావల్ల కాదు. కంపెనీవాళ్లు సీసాలో పెట్టి అమ్ముతారు."

"ఇంతవరకూ కాయలేదా, ఇకముందు కూడా కాయదా?"

"ఇకముందు సంగతి నేనెలా చెప్పనండీ?"

"చూశారా! కాయదని మీరు హామీ ఇవ్వలేరు. అసలు ఈ పేరేమిటి, క్విస్... క్విస్..."

"తీగకి లాటిన్‌లో పెట్టిన పేరే దీనికీ వచ్చిందండీ. మొదట చూసినవాళ్లకి ఇదేం తీగో అంతుబట్టక 'ఎవరు? ఎలాంటిది?' అని అర్థం వచ్చేలా పెట్టారు."

సర్వోత్తమరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పేరులోనే రెండు ప్రశ్నలున్నాయి. రెంటికీ సమాధానం రాకుండా నేను సంతకం ఎలా పెట్టేది?"

ఆ గదిలోనే సోఫాలో భద్రతాధికారి నీలాద్రి పట్నాయక్ కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు. ఏ వస్తువు చూసినా అది అంటుకుంటే ఏమవుతుందా అని ఆలోచించడం ఆయన ఉద్యోగం. ఇంటిదగ్గర కూడా అదే ఆలోచిస్తాడని చెప్పుకునేవారు. ఆయన బిస్కెట్టు టీలో విరిగిపడినా పట్టించుకోకుండా తలెత్తాడు.

"ఒక్క నిమిషం మేడమ్. ఆ ఆమ్లం ఉత్తేజపరుస్తుందని ఇండెంటులో రాశారా?"

"అవునండీ, గ్రాహకాల్ని."

"నాడుల్లో?"

"నాడీకణాల మీద."

"అయితే మూడో షెడ్యూలు! నాడుల్ని ఉత్తేజపరిచే ఏ పదార్థమైనా రెండు తాళాల కింద, ఇద్దరధికారుల అదుపులో ఉండాలి. అది రోడ్డువార గేటు మీద, వచ్చేపోయేవాళ్ల నెత్తిమీద, తాళంకప్పనేది లేకుండా వేలాడుతోందా? ఎప్పట్నుంచి?"

"సంస్థ ప్రారంభోత్సవం నాడు నాటిందే" అన్నాడు సర్వోత్తమరావు నీరసంగా.

అన్నేళ్లుగా జరుగుతున్న ఘోరం ఇద్దరధికారులకీ ఒక్కసారిగా కళ్లకి కట్టింది. పైగా వచ్చే చలికాలంలో ఆడిట్ ఉంది.

"మరి నా సీసా?" అంది హైమవతి.

"వస్తువు మనదగ్గర ఉంది కనుక కొనడానికి వీల్లేదు" అన్నాడు సర్వోత్తమరావు.

"షెడ్యూల్లో ఉంది కనుక ముట్టుకోడానికీ వీల్లేదు" అన్నాడు నీలాద్రి.

ఎప్పుడూ ఒక మాట మీద నిలబడని ఆ రెండు విభాగాలూ సంస్థ చరిత్రలో మొదటిసారి ఏకాభిప్రాయానికొచ్చాయి.

తీగని బీరువాలో పెట్టాలంటే వేళ్లతో పెకలించాలి. అది నిల్వను ధ్వంసం చెయ్యడమవుతుంది. కాబట్టి బీరువానే తీగ దగ్గరికి తీసుకురావాలని తీర్మానించారు. గేటుచుట్టూ ఇనపచట్రం బిగించి, వలకొట్టి, తలుపు పెట్టి, రెండు తాళాలు వేశారు. గేటు కూడా బీరువాలో ఉండిపోవడంతో ఉద్యోగులంతా క్యాంటీన్ వెనక అంట్లుతోమే చోటునుంచి రావలసివచ్చింది. డైరెక్టరుగారి కారు అక్కడ పట్టదు. అందుచేత ఆయన వచ్చినప్పుడూ వెళ్లినప్పుడూ సర్వోత్తమరావు ఒక తాళం, నీలాద్రి ఇంకో తాళం తీసి, చెరోపక్కా నిలబడి, కారుతో పాటు నిల్వ ఏమీ బయటికి పోలేదని ఒకరికొకరు ధ్రువీకరించుకునేవారు.

తోటమాలి అప్పలకొండని 'లతా సంరక్షకుడు'గా నియమించి ఒక టోపీ, ఈల ఇచ్చారు. అతను మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత టోపీ అలవాటైంది. ఆ తర్వాత ఈల కూడా అలవాటైంది. ఒకరోజు హైమవతి వల సందులోంచి వేలు పెట్టి ఒక రెమ్మని తాకబోతే గట్టిగా ఈల వేశాడు.

"ముట్టుకోకండమ్మా! అది కిస్కాలు ఆసిడ్డు. నరాలు లాగేస్తాదట."

"నిన్నటిదాకా ఈ పూలు నువ్వేగా కోసి డైరెక్టరుగారి బల్లమీద పెట్టేవాడివి?"

"అప్పుడు తెల్దు గదమ్మా. తెలీనప్పుడు ఏటీ అవ్వదు. తెలిసినాక జాగరత్తగుండాల గదా."

ఆ మాట సంస్థ నినాదంగా గోడమీద రాయించదగ్గది. కానీ ఎవరికీ తోచలేదు.

ఇంతలో పూలు రంగు మారుతున్న సంగతి నీలాద్రి గమనించాడు. అప్పలకొండకి మెమో వచ్చింది: "నిల్వ సాయంకాలము శ్వేతవర్ణములోనూ, మరునాడు రక్తవర్ణములోనూ ఉన్నట్లు తనిఖీలో తేలినది. ముందస్తు అనుమతి లేకుండా వర్ణము మారుటకు గల కారణములు తెలుపవలెను." అప్పలకొండ ఆ కాగితం పట్టుకుని, ఈల జేబులో పెట్టుకుని, హైమవతి దగ్గరికొచ్చాడు. ఆమె "అది ఆ పువ్వు స్వభావం" అని రాసిచ్చింది. "స్వభావమును సమర్థించు పత్రములు జతపరచలేదు" అని ఆ జవాబు తిరిగొచ్చింది. రాలిన పూలని ఆస్పత్రి చెత్తవేసే పసుప్పచ్చ సంచుల్లో కట్టి, ముద్రవేసి, బూడిద చెయ్యడానికి పంపేవారు. తేనెటీగలు 'అనధికార రవాణాదారులు' అయ్యాయి. వాటికోసం వలమీద దోమతెర కూడా కట్టారు.

డైరెక్టరు భుజంగభూషణంగారికి మొదట ఈ గొడవ నచ్చలేదు. కారు దిగకుండా తాళాలకోసం కాచుకోవలసి రావడం ఆయనకి చిన్నతనంగా ఉండేది. కానీ ఆయన భయాన్ని కీర్తిగా మార్చడంలో ఆరితేరినవాడు. విలేకరుల్ని పిలిచి, దోమతెర ముందు నిలబడి, "ఇది తీగ కాదు. దేశంలోనే మొట్టమొదటి సజీవ రసాయన భాండాగారం. నలుగురూ సీసాల్లో దాచుకుంటారు, మేము ప్రాణంతో దాచాం" అని ప్రకటించాడు. ఢిల్లీనుంచి ఒక సంఘం వచ్చింది. తీగకి ఎదురుగా షామియానాలో కూర్చుని జీడిపప్పు ఉప్మా తిని, "నిల్వను ప్రత్యక్షముగా పరిశీలించి సంతృప్తి చెందితిమి" అని సంతకాలు పెట్టింది. ఆ సంతృప్తి దేశమంతా పాకింది. ఎక్కడో ఒక సంస్థలో మిరపమొక్కలకి తాళం వేశారని కబురొచ్చింది. మిరపకాయ కూడా గ్రాహకాల్ని ఉత్తేజపరుస్తుంది కదా మరి. అక్కడి క్యాంటీన్లో పచ్చడి కావాలంటే ఇద్దరధికారుల సంతకాలు కావాలట.

హైమవతి ప్రాజెక్టు గడువు మాత్రం రోజురోజుకీ కరిగిపోతోంది. ఆమె నోట్ల మీద నోట్లు పెట్టింది. ఏ నోట్ పెట్టినా "వస్తువు లభ్యమే కదా" అని ఒక గది నుంచీ, "వస్తువు నిషిద్ధం కదా" అని ఇంకో గది నుంచీ తిరిగొచ్చేది. మెదడు పొరలు ఉప్పునీళ్లలో తేలుతూ, ఏ పలకరింపూ లేకుండానే సాయంత్రానికి చల్లబడిపోయేవి.

వానలు మొదలయ్యాక తీగ దోమతెర చించుకుని, పక్కింటి ప్రహరీ మీదికి పాకింది. పక్కిల్లు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ మేరీ సరోజినిది. సంస్థ ఆమెకి నోటీసు పంపింది: "తమ నివాసమందు సంస్థకు చెందిన నియంత్రిత నిల్వ అనధికారముగా ఉన్నట్లు తెలియవచ్చినది." మర్నాడు ఆవిడ గొడుగు ఊపుకుంటూ, అంట్లుతోమే చోటునుంచే, సర్వోత్తమరావు గదికొచ్చింది. ఆ సమయానికి హైమవతి అక్కడే ఉంది.

"ఇది మీరు రాసిందేనా?" అంది సరోజిని, నోటీసు బల్లమీద పడేసి.

"మా కార్యాలయం రాసిందమ్మా."

"అచ్చుతప్పులు నాలుగున్నాయి, దిద్దాను. ఇకపోతే విషయం. మీ తీగ నా గోడెక్కింది. నేను రమ్మనలేదు. కొట్టేసుకుని తీసుకుపోండి."

"కొట్టడానికి వీల్లేదమ్మా. కొడితే నిల్వ నష్టం."

"అయితే నేను కొడతాను."

"మీరు కొడితే నిల్వ అపహరణ."

"వదిలేస్తే?"

"అక్రమ స్వాధీనం."

సరోజిని కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాయనా, నేను నలభయ్యేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఏం చేసినా తప్పే అయితే ఆ తప్పు లెక్కలోది. పిల్లాడిది కాదు."

"తమరు అన్యథా భావించకూడదు. సమస్యకి పరిష్కారం ఆలోచించాం. తీగ ఎంతమేర పాకిందో అంతమేర సంస్థ ఆవరణగా పరిగణిస్తాం. మా మనిషి ఒకడు అక్కడ కాపలా ఉంటాడు."

"అక్కడంటే ఎక్కడో తెలుసా? నా స్నానాలగది కిటికీ."

సర్వోత్తమరావు ఇబ్బందిగా కదిలాడు. నీలాద్రి సలహాతో, కాపలా మనిషి అటువైపు వీపు పెట్టి నిలబడాలని సవరణ చేశారు. సరోజిని ఆ సవరణ పూర్తిగా వినలేదు. ఇంటికెళ్లి కొడవలి తీసుకుని, గోడమీది తీగంతా నరికి, బకెట్లో కుక్కి తెచ్చి, సర్వోత్తమరావు బల్లమీద బోర్లించి, "రసీదివ్వండి" అంది.

సంస్థ పోలీసు రిపోర్టిచ్చింది. సబిన్‌స్పెక్టరు వచ్చి బకెట్ చూశాడు. "ఏం పోయిందండీ?" అన్నాడు. రాధామనోహరం అన్నారు. "ఇదా? మా స్టేషన్ గుమ్మం మీద ఇంతకంటే ఏపుగా ఉందండీ" అన్నాడతను. ఆ మాట అనకుండా ఉండవలసింది. నీలాద్రి వెంటనే స్టేషన్‌కి కూడా నోటీసు తయారుచేయించాడు. సబిన్‌స్పెక్టరు దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "కేసు కట్టాలంటే ముందు నన్ను నేను అరెస్టు చేసుకోవాలి. తీగలో ఆ సరుకు ఉందని ఎవరైనా పరీక్ష చేశారా సార్?" అని అడిగాడు.

ఎవరూ చెయ్యలేదు. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.

అక్కడే కూర్చున్న హైమవతికి ఆ క్షణంలో ఒక ఊహ తట్టింది. ఆమె వెంటనే లేచి, "నేను చేస్తాను" అంది. "కానీ తీగలో ఆ ఆమ్లం ఉందో లేదో చెప్పాలంటే, పోల్చి చూసుకోడానికి అసలైన ఆమ్లం కొంత నా దగ్గరుండాలి. మనిషిని గుర్తుపట్టాలంటే ఫొటో ఉండాలి కదా."

సర్వోత్తమరావు చాలాసేపు ఆలోచించాడు. పరిశోధన కోసమైతే కొనడానికి వీల్లేదు. పోలీసు దర్యాప్తు కోసం కొనకూడదని మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు. సీసా ఆగమేఘాల మీద వచ్చింది. హైమవతి దాన్ని అరచేతిలో పట్టుకున్నప్పుడు ఆమెకి కళ్లు చెమర్చాయి. సీసా అడుగున తెల్లటి పొడి, గోరంత.

ఆమె పరీక్ష నిజాయితీగానే చేసింది. అందులోంచి ఒక చిటికెడైనా తన మెదడు పొరలమీద వాడుకోలేదు. ముందు ఈ చిక్కుముడి విడిపోతే, ఆ సీసా ఎలాగూ తనదే. ఆకు నూరింది, పువ్వు నూరింది, కాడ నూరింది. ఎక్కడా ఆమ్లం జాడ లేదు. ఆ రిపోర్టు పట్టుకుని ఆమె కమిటీ గదికి దాదాపు పరిగెత్తింది. డైరెక్టరూ, ఇద్దరధికారులూ ఉన్నారు.

"లేదండీ!" అంది. "గింజలో తప్ప ఇంకెక్కడా లేదు, మన తీగకి గింజే లేదు. తాళాలు తీసెయ్యొచ్చు. సరోజినిగారి మీద కేసు లేదు. ఇక నేను సీసా వాడుకోవచ్చు."

ముగ్గురూ రిపోర్టుని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు.

"లేదంటే, ఇప్పుడు లేదు" అన్నాడు సర్వోత్తమరావు నిదానంగా.

"ఎప్పుడూ లేదండీ."

"ఎప్పుడూ లేదని మీరెలా చెప్తారు? మీరు పరీక్ష చేసింది ఇప్పుడేగా. అంతకుముందు ఉన్నట్టు ఢిల్లీ సంఘం స్వయంగా చూసి సంతకం పెట్టింది. అప్పుడుంది, ఇప్పుడు లేదు. దీన్ని కార్యాలయ పరిభాషలో లోటు అంటారు."

"వాళ్లు చూసింది తీగనండీ! ఆమ్లాన్ని కాదు!"

"ఢిల్లీ సంఘం ఏం చూసిందో ఢిల్లీ సంఘానికి తెలియదంటారా?" అన్నాడు డైరెక్టరు. ఆయన గొంతు అంత చల్లగా ఉండటం హైమవతి ఎప్పుడూ వినలేదు. ఆ తీగమీద ఆయనకి ఒక పురస్కారం అప్పటికే ఖాయమైంది.

"రెండు తాళాల మధ్యనుంచి సరుకెలా పోయింది?" అన్నాడు నీలాద్రి. "ఈ నెలలో లోపలికెళ్లి ఆకులు కోసింది ఒక్కరే మేడమ్. మీరు."

ఆమెకి ఛార్జిమెమో వచ్చింది. ప్రాజెక్టు నిలిపేశారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు విడవకుండా అక్క మంచం పక్కన కూర్చుంది. సువర్చల చెల్లెలి మొహం చూసి, ఏమైందని అడగబోయి, మాట దొరక్క, "అది... అది..." అంటూ ఆమె చెయ్యి నిమిరింది. హైమవతికి ఆ రోజంతా విన్న మాటలన్నిటికంటే ఆ ముక్కే స్పష్టంగా అర్థమైంది.

చివరికి ఆమెని కాపాడింది సర్వోత్తమరావే. తనకి దయ ఉందని నిరూపించుకునే అవకాశం ఆయన అరుదుగా వదులుకునేవాడు. "లోటు పూడితే అభియోగం పోతుంది" అన్నాడు. "సీసాలో ఎంత మిగిలింది?"

"దాదాపు అంతా ఉంది."

"దాన్ని నిల్వకి జమచేస్తే సరి."

"జమ చెయ్యడమంటే?"

"తీగలో పోయటం."

హైమవతి బతిమాలింది. సగమైనా ఉంచమంది. చిటికెడు ఉంచమంది. "ముందు నిల్వ, తర్వాతే వినియోగం" అన్నాడాయన, పసిపిల్లకి చెప్పినంత మెత్తగా.

మంచిరోజు చూసి షామియానా వేశారు. కొబ్బరికాయ కొట్టారు. భుజంగభూషణంగారు తెల్లటి చేతితొడుగులు వేసుకుని, సీసాలోని పొడిని ఇత్తడి చెంబులో కలిపి, ఫొటోలకి తగినంతసేపు వంచి, తీగ మొదట్లో పోశాడు. మట్టి ఆ నీళ్లని మామూలు నీళ్లలాగే పీల్చుకుంది. లోటు పూడినట్టు ఇద్దరధికారులూ సంతకం చేశారు. అభియోగం రద్దయింది. హైమవతి వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టలేదు. ఎవరూ గమనించలేదు.

"ఇంత సిన్న సీసా కోసవేటమ్మా ఇంత రగడ?" అన్నాడు అప్పలకొండ పక్కనుంచి, ఈల నోట్లోంచి తీసి.

ఆడిట్ వచ్చి అంతా మెచ్చుకుంది. ఒక్క అభ్యంతరం మాత్రం రాసింది. తీగ ప్రాణమున్న భాండాగారం కనుక ఎప్పటికప్పుడు పాత ఆకు రాల్చి కొత్త ఆకు వేస్తుంది. కొత్త ఆకులో నిల్వ ఉండదు. కాబట్టి నెలనెలా నింపాలి. మరి ఆవరణలో లభ్యమగు వస్తువును కొనరాదు కదా అని సర్వోత్తమరావు సందేహం వెలిబుచ్చితే, ఆడిట్ అధికారి తేలిగ్గా తీసిపడేశాడు. మొక్క మొదట్లో వేసేదేదైనా ఎరువే. ఎరువులు తోట పద్దు కిందికొస్తాయి. డైరెక్టరుగారికి గులాబీలంటే ఇష్టం కాబట్టి తోట పద్దుకి కమిటీ ఆమోదం అక్కర్లేదు. ఎరువుని నీలాద్రి షెడ్యూలులో వెతికితే, ఎరువు ఏ షెడ్యూల్లోనూ లేదు.

నెల తిరక్కుండా తోటసామాన్ల షెడ్డుకి క్విస్క్వాలిక్ ఆమ్లం పెట్టె నిండా వచ్చింది. మెదడు ప్రాజెక్టు గడువు ముగిసిపోయింది గానీ 'లతా పోషణ పథకం' కింద హైమవతికి కొత్త నియామకం దొరికింది. ఎరువు సక్రమంగా వేయబడినదని ప్రతినెలా ధ్రువీకరించే శాస్త్రవేత్త ఆమె.

మొదటి నెల ఆమె షెడ్డుకెళ్లింది. పారలకీ, యూరియా బస్తాకీ మధ్య, చల్లటి ఫ్రిజ్‌లో ఉండవలసిన సీసాలు పెట్టెలో బుద్ధిగా కూర్చున్నాయి. అప్పలకొండ బొరిగె పదును పెట్టుకుంటున్నాడు.

"ఇయ్యాలే ఎయ్యాలటమ్మా. మీరు సంతకమెట్టేస్తే నాను పోసేస్తాను."

హైమవతి పెట్టెలోంచి ఒక సీసా చేతిలోకి తీసుకుంది. తర్వాత, "అప్పలకొండా, ఒక మాటడుగుతాను. తీగకి ఉత్తి నీళ్లు పోస్తే ఏమవుతుంది?" అంది.

"బతుకుతాదమ్మా. అప్పుణ్ణించీ అదే గదా పోస్తన్నాను."

"అయితే నీళ్లే పొయ్యి. ఈ సీసా నేను తీసుకెళ్తాను."

అప్పలకొండ టోపీ సర్దుకున్నాడు. చెయ్యి ఈల దాకా వెళ్లింది. అతను ఈలని జేబులోంచి తీసి, చూసి, మళ్లీ లోపల పడేసుకున్నాడు.

"సంతకమైతే ఎట్టేత్తారు గదా? నా ఉజ్జోగానికి మాట రాకూడదు."

"పెడతాను."

"అయితే ఒట్టుకెళ్లండి. ఎరువు గదా, ఎవులు సూత్తారు."

శాస్త్రవేత్త అయ్యాక తన కళ్లతో చూడనిది చూశానని హైమవతి ఎన్నడూ రాసి ఉండలేదు. ఆ రోజు నల్లసిరాతో, స్పష్టంగా, "ఎరువు నా సమక్షంలో వేయబడినది" అని రాసి సంతకం చేసింది. అంత తేలిగ్గా రాసెయ్యగలిగినందుకు కొంచెం బాధపడింది. తర్వాత సీసాని కొంగులో చుట్టుకుని, అంట్లుతోమేవాళ్లని దాటుకుంటూ, తన ప్రయోగశాలకి నడిచింది.

మెదడు పొర ఉప్పునీళ్లలో సిద్ధంగా ఉంది. గాజుసూదిని ఒక కణానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, పల్చగా కలిపిన మందుని ఒక్క బొట్టు దాని పక్కన వదిలింది. స్క్రీను మీది గీత ఒక్కక్షణం అలాగే పడుకుంది. తర్వాత లేచింది. గుత్తులుగుత్తులుగా, ఒకదాని వెంట ఒకటి, నిటారుగా లేచి నిలబడింది.

అప్పుడే ఫోన్ మోగింది. సర్వోత్తమరావు.

"డాక్టరుగారూ, డైరెక్టరుగారు కనుక్కోమన్నారు. ఎరువు పడింది కదా, ఎలా ఉంది?"

హైమవతి స్క్రీను మీదనుంచి చూపు తిప్పలేదు.

"బాగా పలుకుతోందండీ" అంది.

"పలకడమేమిటి?"

"ఉత్తేజంగా ఉందండీ. చాలా ఉత్తేజంగా ఉంది."

"సంతోషం. ఆ మాటే రిపోర్టులో రాసెయ్యండి. సుబోధకంగా మాత్రం రాయకండి" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.